వెబ్‌సైటు ఎవరి పేరు మీద ఉన్నది?

(సహకార వారోత్సవాల సందర్భంగా జరిగిన శిక్షణా తరగతిలో, ప్రాథమిక పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులను, కార్యదర్శులను, సభ్యులను ఉద్దేశించి ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద నుండి మేము ఇంతకు ముందు పాల నాణ్యత గురించి, వాటాధనం గురించి, ఆడిట్ అభ్యంతరాలకు సకాలంలో జవాబులు పంపడం గురించి మాట్లాడి ఉన్నాము. ఈసారి మాకు ఇచ్చిన అంశం వేరు. చిన్న సంఘం తన సరుకు అమ్ముకోవడానికి వెబ్‌సైటు పెట్టుకోవడం ఎట్లా అన్నది అంశం. విషయం విని కొందరు కార్యదర్శులు నవ్వారు. "ఇన్‌స్పెక్టరు గారూ, మీకు వోచర్లూ రసీదులూ తెలుసు గాని ఇదేమి తెలుసు?" అన్నారు. నిజమే. మేము చదివినది సహకార డిప్లొమా. మేము ఉద్యోగంలో చేరిన రోజుల్లో కార్యాలయంలో టైపు మిషను ఉండేది గాని కంప్యూటరు లేదు.

అయినా ఈ విషయంలో మేము ఒక పాఠం నేర్చుకున్నాము. పుస్తకం చదివి కాదు, మేము చేసిన తప్పు వల్ల. ఆ తప్పు మీ ముందు చెప్పుకొని, అది మీ సంఘంలో జరగకుండా చూసుకోమని కోరడానికే వచ్చాము.

జరిగిన సంగతి

మా పర్యవేక్షణలో ఉన్న ఒక గ్రామ సంఘం. పేరు చెప్పడం న్యాయం కాదు. నూట ఎనభై మంది సభ్యులు, వారిలో సగానికి పైగా మహిళలు. యూనియన్‌కు పోయవలసిన పాలు పూటకు పూట యథాప్రకారం పోస్తారు. గేదెలు ఎక్కువగా ఈనే చలికాలంలో కొంత పాలు మిగులుతాయి. బైలాలో అనుమతి ఉన్నది గనుక ఆ మిగులు పాల మీద వెన్న తీసి, నెయ్యి కాచి అమ్మడం మొదలుపెట్టారు. ఆరుగురు మహిళా సభ్యులు వంతుల వారీగా కాస్తారు. చక్కగా పూసకట్టిన గేదె నెయ్యి. పండుగలకు ఊరికి వచ్చిన పిల్లలు హైదరాబాదుకు, బెంగుళూరుకు సీసాలు మోసుకుపోయేవారు. తరువాత అక్కడి ఇరుగు పొరుగు వారు అడగసాగారు. కార్యదర్శి ఒక చేత్తో పాలు కొలుస్తూ, ఇంకొక చేత్తో చీటీల మీద ఆర్డర్లు రాసుకునేవాడు. కొన్ని చీటీలు తడిసిపోయేవి, కొన్ని పోయేవి. డబ్బు పంపినా నెయ్యి అందలేదని ఫోన్లు వచ్చేవి.

2018లో పాలక వర్గం కూర్చుని వెబ్‌సైటు పెట్టాలని తీర్మానం చేసింది. తీర్మానం సబబే. పట్నంలో కంప్యూటరు పనులు చేసే ఒక కుర్రవాడికి 18,000 రూపాయలకు పని అప్పగించారు. నెల రోజుల్లో తయారు చేశాడు. ఒక్క పొరపాటు మాత్రం మొదటి రోజే అందరికీ కనపడింది. గేదె నెయ్యి అమ్మే సంఘం పేజీ మీద నలుపు తెలుపు మచ్చల విదేశీ ఆవు బొమ్మ పెట్టాడు. దానిని తీయించి ఊరి గేదెల ఫోటో పెట్టించారు. సీసాల లేబుళ్ళ మీద వెబ్‌సైటు పేరు అచ్చు వేయించారు, ఐదు వేల లేబుళ్ళు. ఆర్డర్లు రావడం మొదలైంది.

ఆ సంవత్సరం లెక్కల తనిఖీకి మేమే వెళ్ళాము. తీర్మానం ఉన్నది. మూడు కొటేషన్లు ఉన్నాయి. వోచరు ఉన్నది, రసీదు ఉన్నది. టిక్కు పెట్టి, సంతకం చేసి, వారిచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాము.

కొంతకాలానికి ఆ కుర్రవాడికి వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చింది. వెళ్ళిపోయాడు. ఫోను నంబరు మారింది. 2021లో ఒక రోజు హైదరాబాదు నుండి ఒక ఖాతాదారు ఫోను చేసి, "మీ సీసా మీద ఉన్న పేరు కొడితే పేకాట వస్తున్నదేమిటండీ?" అని అడిగారు. కార్యదర్శి తన ఫోనులో చూశాడు. నెయ్యి లేదు, గేదె లేదు. డబ్బు పెట్టి ఆడే జూదం ప్రకటన ఉన్నది.

ఏమి జరిగింది? వెబ్‌సైటు పేరును ఆ కుర్రవాడు తన పేరు మీద, తన మెయిల్ చిరునామాతో, తన బ్యాంకు కార్డుతో, ఏడాదికి ఏడాది చొప్పున తీసుకున్నాడు. దురుద్దేశంతో కాదు, అప్పటికి అది తేలికగా ఉన్నదని. ఒకటి రెండు సార్లు తన డబ్బుతోనే గడువు పొడిగించాడు కూడా. తరువాత అతని కార్డు గడువు తీరింది. "పేరు గడువు ముగుస్తున్నది, డబ్బు కట్టండి" అని వచ్చిన హెచ్చరికలు అతను తెరవడం మానేసిన మెయిల్‌కు పోయాయి. గడువు దాటింది. కొన్ని వారాల తరువాత ఎక్కడివారో ఆ పేరు కొనుక్కున్నారు. ఎవరిదీ కాని పేరును అడిగిన వారికి ఇచ్చారు. ఫిర్యాదు ఎవరి మీద చేస్తాము?

మిగిలిన మూడు వేల లేబుళ్ళు చించి పారవేయవలసి వచ్చింది. అంతకంటే పెద్ద నష్టం, అప్పటికే ఇళ్ళలో వంటగదుల్లో ఉన్న సీసాలన్నీ పిల్లలకు జూదానికి దారి చూపుతున్నాయి. అమ్మకం పడిపోయింది. నెయ్యి కాచే ఆరుగురికి నాలుగు నెలల పాటు ఆ కూలి లేకపోయింది. వారిలో ఒకామె ఆ కూలి మీదనే మనుమరాలి కాలేజీ బస్సు చార్జీ కడుతున్నది.

ఆ తరువాత జరిగిన సర్వసభ్య సమావేశానికి మేము హాజరయ్యాము. ఆ ఆరుగురిలో పెద్దావిడ లేచి నిలబడి అడిగిన మాట మాకు ఇప్పటికీ గుర్తున్నది. "అయ్యా, మా గేదె చెవికి పసుపు పచ్చ పోగు వేశారు. దాని మీద పన్నెండు అంకెలు ఉంటాయి. గేదె చచ్చిపోతే ఇన్సూరెన్సు వాళ్ళు ముందు ఆ పోగే అడుగుతారు. మరి ఈ వెబ్‌సైటుకు పోగు ఎవరు వేశారు? ఎవరి పేరున వేశారు? డబ్బులిచ్చేటప్పుడు మీరెవరూ చూడలేదా?"

మా దగ్గర జవాబు లేదు. సంఘం పాల క్యాను కొంటే దాని మీద సంఘం పేరు చెక్కారా అని చూస్తాము. బల్ల కొంటే స్టాకు రిజిస్టరులో నంబరు అడుగుతాము. స్థలం కొంటే దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు అన్నీ తిరగేస్తాము. 18,000 రూపాయలు పోసి కొన్న ఈ వస్తువు ఎవరి పేరు మీద ఉన్నదని మాత్రం అడగలేదు. కంటికి కనపడదు గనుక ఆస్తి అనుకోలేదు.

మూడు వేరు వేరు వస్తువులు

అప్పటి నుండి తెలిసిన వారిని అడిగి నేర్చుకున్న మొదటి సంగతి ఇది. వెబ్‌సైటు అన్నది ఒక్క వస్తువు కాదు, మూడు. ఒకటి పేరు. దానిని డొమైన్ అంటారు. రెండవది స్థలం. మన పేజీలు, ఫోటోలు రాత్రింబగళ్ళు నడిచే ఒక కంప్యూటరులో ఉండాలి గదా, ఆ చోటుకు కట్టే అద్దెను హోస్టింగ్ అంటారు. మూడవది కట్టుబడి. అంటే పేజీలు తయారు చేసే పని. పని చేసేవారు మూడింటికీ కలిపి ఒకే మొత్తం చెబుతారు. మీరు మాత్రం మూడింటికీ విడివిడిగా బిల్లు అడగండి. కట్టుబడికి ఒక్కసారి డబ్బు ఇస్తే సరిపోతుంది. పేరుకు, స్థలానికి ప్రతి సంవత్సరం కట్టాలి. ఈ తేడా తెలియకనే చాలా సంఘాలు "ఒకసారి కట్టాము, అయిపోయింది" అనుకుంటున్నాయి.

వెబ్ అన్నది ఎవరి సొంత ఆస్తీ కాదు. 1989లో జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధనా సంస్థలో టిమ్ బెర్నర్స్ లీ అనే ఆయన దీనికి రూపకల్పన చేశారు. 1993లో ఆ సంస్థ దీనిని రుసుము లేకుండా లోకానికి వదిలిపెట్టింది. మన దేశంలో 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్ ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. ఊరి చెరువు వలె దీనిని అందరూ వాడుకోవచ్చు. కాని పేరు మాత్రం ఒక్కరికే చెందుతుంది. ఎవరి పేరున నమోదై ఉన్నదో వారిదే, గడువు ఉన్నంతవరకే.

పేరు చివర తోక ఒకటి ఉంటుంది. డాట్ కామ్ అందరికీ తెలుసు. డాట్ ఇన్ అన్నది మన దేశానిది. దానిని నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా నిర్వహిస్తున్నది. సహకార సంఘాలకు మాత్రమే ఇచ్చే డాట్ కోఆప్ అనే తోక 2002 నుండి ఉన్నది. తెలుగు లిపిలోనే డాట్ భారత్ తోకతో పేరు తీసుకునే వీలు కూడా ఉన్నది. ఏది తీసుకున్నా ఒక్క పరీక్ష పెట్టండి. ఫోనులో ఒక్కసారి చెబితే అవతలివారు తప్పు లేకుండా రాసుకోగలగాలి. 'నెయ్యి' అన్న మాటను ఇంగ్లీషు అక్షరాలలో పది మంది చేత రాయించి చూడండి, నాలుగైదు రకాలుగా రాస్తారు. అటువంటి మాట పేరులో పెట్టుకుంటే ఆర్డరు ఇంకొకరి ఇంటికి పోతుంది.

మొదటి సంవత్సరం తక్కువ ధర చూపి, రెండవ సంవత్సరం నుండి ఎక్కువ వసూలు చేసే పద్ధతి ఈ వ్యాపారంలో మామూలు. కనుక "ఈ ఏడు ఎంత?" అని కాక "వచ్చే ఏడు ఎంత?" అని అడగండి. వీలైతే ఒకేసారి ఐదేళ్ళకు కట్టండి. సాధారణంగా పదేళ్ళ వరకు ముందుగా కట్టే వీలున్నది.

పేరు విలువ ఎంతటిదో పెద్దల అనుభవం చూడండి. అమూల్ పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పెట్టి, ఏజెన్సీలు ఇప్పిస్తామని జనం దగ్గర డబ్బు లాగుతున్నారని గుజరాత్ పాల సమాఖ్య 2020లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. అంత పెద్ద సంస్థకు న్యాయవాదులు ఉన్నారు. మన గ్రామ సంఘానికి ఉన్న కాపలా ఒక్కటే, కాగితం సరిగా ఉంచుకోవడం.

పని అప్పగించే ముందు

ముందుగా ఒక మాట. అందరికీ వెబ్‌సైటు అక్కరలేదు. మీ సరుకు మొత్తం యూనియన్ వ్యాను ఎక్కుతుంటే, లేక ఊళ్ళోనే అమ్ముడైపోతుంటే, ఈ ఖర్చు దండుగ. ఒక ఫోను నంబరు, గోడ మీద ఒక బోర్డు చాలు. దూరపు ఖాతాదారులు నిజంగా ఉండి, వారికి పంపే సరుకు నిజంగా ఉండి, బైలాలో ఆ వ్యాపారానికి చోటు ఉంటేనే ముందుకు పోండి.

పని అప్పగించేటప్పుడు ఒప్పందం కాగితం మీద ఉండాలి. అందులో ఈ షరతులు తప్పక రాయించండి.

మొదటిది, పేరు, స్థలం రెండూ సంఘం పేరు మీద, సంఘం మెయిల్ చిరునామాతో, సంఘం బ్యాంకు ఖాతా నుండి డబ్బు కట్టి తీసుకోవాలి. కార్యదర్శి సొంత మెయిల్ కూడా పనికిరాదు. కార్యదర్శులు మారుతారు.

రెండవది, రహస్య సంకేతాలు, అంటే పాస్‌వర్డులు, పని పూర్తి కాగానే అప్పగించాలి. వాటిని కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అధ్యక్షులు, కార్యదర్శి ఇద్దరూ సంతకం చేసి, లక్క ముద్ర వేసి ఇనుప బీరువాలో ఉంచాలి. ఓ.టి.పి. వచ్చే ఫోను నంబరు సంఘం పేరున తీసుకున్న సిమ్ అయి ఉండాలి. తాళం చెవి సంఘం దగ్గర ఉండి, తలుపు గడియ ఒక వ్యక్తి జేబులో ఉంటే ఏమి ప్రయోజనం?

మూడవది, డబ్బు మూడు వాయిదాలుగా ఇవ్వాలి. పని మొదలు పెట్టేటప్పుడు ఒక వంతు, నమూనా చూపినప్పుడు ఒక వంతు, పాస్‌వర్డులూ పేజీల పూర్తి నకలూ పెన్‌డ్రైవులో అప్పగించిన తరువాత చివరి వంతు.

నాలుగవది, ధర మార్చడం, సరుకు అయిపోయినప్పుడు "లేదు" అని పెట్టడం మన మనిషికి నేర్పి వెళ్ళాలి. దీనికి పెద్ద చదువు అక్కరలేదు. పాల సేకరణ యంత్రం మీద వేళ్ళు ఆడించే అమ్మాయికి రెండు రోజుల్లో వస్తుంది.

పేజీలో ఏమి ఉండాలి

రంగులు, కదిలే బొమ్మలు, పాటలు ఇవేవీ అక్కరలేదు. కొనేవారికి కావలసినవి కొద్ది సంగతులే. మీరు ఎవరు, ఎక్కడ ఉన్నారు, ఏమి అమ్ముతారు, ఎంత బరువు, ఎంత ధర, రవాణా ఖర్చు ఎంత, ఎన్ని రోజుల్లో అందుతుంది, సీసా పగిలితే ఏమి చేస్తారు.

ఇందులో కొన్ని చట్టం కోరేవి. వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020లో వచ్చిన ఇ-కామర్స్ నియమాల ప్రకారం అమ్మేవారి చట్టబద్ధమైన పేరు, చిరునామా, ఫోను, మెయిల్, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు కనపడేటట్లు ఉండాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేయాలి, నెల లోపల పరిష్కరించాలి. తూనికలు కొలతల శాఖ నిబంధనల ప్రకారం సీసా లేబులు మీద ఉండే నికర బరువు, గరిష్ట చిల్లర ధర, తయారీదారు చిరునామా పేజీ మీద కూడా చూపాలి. ఆహార భద్రత ప్రమాణాల సంస్థ వారు ఇచ్చిన 14 అంకెల నంబరు తప్పక వేయండి. పట్నంలో కొనేవారు ఆ నంబరు చూసే కొంటున్నారు.

తెలుగు అక్షరాల విషయం ఒకటి. మన కరపత్రాలు, లేబుళ్ళు డి.టి.పి. సెంటర్లలో పాత ఫాంట్లతో తయారవుతాయి. అదే ఫైలు తీసుకువెళ్ళి వెబ్‌సైటులో పెడితే ఇతరుల ఫోనులో తెలుగు బదులు పిచ్చి గీతలు కనపడతాయి. వెబ్‌సైటుకు యూనికోడ్ తెలుగే కావాలి. ఇప్పటి ఫోనులో మనం టైపు చేసేది యూనికోడే. కనుక డి.టి.పి. ఫైలు ఇవ్వకుండా, ఫోనులోనే టైపు చేసి పంపండి. ఫోటోలు కూడా మీ ఊరివే కావాలి. మీ కొట్టం, మీ గేదె, మీ నెయ్యి కాచే చేతులు. ఇంటర్నెట్ నుండి తెచ్చిన బొమ్మ ఇంకొకరి సొత్తు, పైగా అబద్ధం.

డబ్బు విషయం చెప్పనవసరం లేదనుకుంటాము. అయినా చెబుతున్నాము. యు.పి.ఐ. ద్వారా గాని, కార్డు ద్వారా గాని వచ్చే ప్రతి పైసా సంఘం ఖాతాలోనే పడాలి. "రెండు రోజులు నా ఖాతాలో పడనివ్వండి, తరువాత కట్టేస్తాను" అనే మాటతో మొదలైన కేసులు మా బీరువాలో చాలా ఉన్నాయి. కార్డుల చెల్లింపులు వసూలు చేసిపెట్టే సంస్థ తన కమీషను తగ్గించుకొని మిగతాది జమ చేస్తుంది. కనుక ఆర్డరు మొత్తం, కమీషను, జమ మూడూ పుస్తకంలో విడిగా చూపండి.

పరీక్షించి తీసుకోవాలి

పాలు చిక్కగా ఉన్నాయని నోటి మాట మీద ఎవరమైనా రేటు కడతామా? వెన్న శాతం చూస్తాము, ఎస్.ఎన్.ఎఫ్. చూస్తాము. వెబ్‌సైటును కూడా అట్లాగే పరీక్షించి తీసుకోవాలి. తయారు చేసినవారు తమ పెద్ద కంప్యూటరు మీద, వేగమైన కనెక్షన్ మీద చూపిస్తారు. అక్కడ అన్నీ బాగానే ఉంటాయి. మీరు మీ సంఘంలో అందరికంటే చవకైన ఫోను తీసుకొని, సిగ్నలు సరిగా అందని చోట నిలబడి తెరవండి. పేజీ రావడానికి పది లెక్కపెట్టే కాలం దాటితే కొనేవాడు ఆగడు. చాలాసార్లు దానికి కారణం బరువైన ఫోటోలు. తగ్గించి పెట్టమనండి. అక్షరాలు అద్దాలు లేకుండా అధ్యక్షుల వారికి కనపడాలి. చిరునామా దగ్గర తాళం గుర్తు, అంటే భద్రత సర్టిఫికెట్టు ఉండాలి. అది లేకపోతే బ్రౌజరు "ఇది సురక్షితం కాదు" అని కొనేవారికి హెచ్చరిక చూపుతుంది. ఆ సర్టిఫికెట్టు ఉచితంగానే దొరుకుతుంది. దానికి వేలు అడిగితే కారణం అడగండి.

చివరగా, దీని సంగతి ఏమీ తెలియని బంధువు ఒకరి చేత నిజంగా డబ్బు కట్టించి అరకిలో సీసా ఒకటి కొనిపించండి. డబ్బు ఖాతాలో పడిందా, ఆర్డరు మనకు తెలిసిందా, సీసా పగలకుండా చేరిందా చూడండి. తరువాత ఇంకొక ఆర్డరు ఇచ్చి, రద్దు చేయించి, డబ్బు తిరిగి పోయిందా అని కూడా చూడండి.

ప్రారంభం, ఆ తరువాత

ఇందాక చెప్పిన సంఘం 2022లో మళ్ళీ ప్రయత్నం చేసింది. ఈసారి ప్రతి కాగితం మేము కూడా దగ్గర కూర్చుని చూశాము. కొత్త పేరు సంఘం పేరున తీసుకున్నారు. పండుగ ముందు హడావిడిగా ప్రారంభించలేదు. పెళ్ళిళ్ళు లేని, గిరాకీ తక్కువగా ఉండే ఆషాఢంలో మొదలుపెట్టి, మొదట పాత ఖాతాదారులు ముప్పై మందికి మాత్రమే తెలిపారు. వారి ఆర్డర్లలో మూడు సీసాలు దారిలో కారిపోయాయి. మూతలు మార్చారు, అట్టపెట్టెలు మార్చారు. శ్రావణం వచ్చేసరికి అందరికీ తెలియజేశారు. అదే సంక్రాంతికి ముందు మొదలుపెట్టి ఉంటే మూడు వందల సీసాలు కారి ఉండేవి.

రోజూ ఉన్న నిల్వ మేరకే పేజీలో చూపుతారు. నిల్వ లేకపోతే "లేదు" అంటారు. ఫోను ఆర్డర్లు కూడా మానలేదు. ముసలివారికి ఫోనే తేలిక.

2025 సెప్టెంబరు 22 నుండి నెయ్యి మీద జి.ఎస్.టి. 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. ఆ ముందు రాత్రి సేకరణ కేంద్రంలో పనిచేసే అమ్మాయే కూర్చుని పేజీలో ధర సవరించింది. మొదటి కుర్రవాడి కాలంలో అయితే అతని కోసం వెతకవలసి వచ్చేది.

ఖాతాదారుల పేర్లు, ఫోను నంబర్లు, ఇంటి చిరునామాలు ఇప్పుడు సంఘం దగ్గర జమ అవుతున్నాయి. అవి కూడా సభ్యుల డిపాజిట్ల వంటివే. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం కూడా చేసింది. చిట్టీల కంపెనీ వారు అడిగారని, ఎన్నికల్లో నిలబడినవారు అడిగారని ఆ జాబితా ఇవ్వకండి.

మీరు చేయవలసినది

మీలో ఇప్పటికే వెబ్‌సైటు ఉన్న సంఘాల వారు రాబోయే పాలక వర్గ సమావేశంలో ఈ ప్రశ్నలు అజెండాలో పెట్టండి. మన పేరు ఎవరి పేరు మీద నమోదై ఉన్నది? దాని గడువు ఏ తేదీకి తీరుతుంది? పాస్‌వర్డులు ఎక్కడ ఉన్నాయి? జవాబులు మినిట్సు పుస్తకంలో రాయండి. తయారు చేసినవారు అందుబాటులో ఉండగానే మార్పించుకోండి. వారు మీ ఊరి పిల్లవాడే అయినా, మంచివాడే అయినా సరే. మంచివారికి కూడా ఉద్యోగాలు వస్తాయి, ఫోను నంబర్లు మారతాయి.

మా వంతుగా, మా తనిఖీ పట్టికలో ఈ ప్రశ్నలు మేమే చేర్చుకున్నాము. ఇకమీదట వోచరు చూసి టిక్కు పెట్టి మజ్జిగ తాగి రావడం ఉండదు. పేరు నమోదు కాగితం చూపిన తరువాతనే సంతకం.

ఆ సంఘం రెండవసారి పేరు తీసుకున్న తరువాత జరిగిన సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి ఆ నమోదు కాగితం అందరికీ చదివి వినిపించాడు. పేకాట సంగతి ఎవరూ మరచిపోలేదు. అందరూ నిశ్శబ్దంగా విన్నారు. చెవి పోగు సంగతి అడిగిన ఆ పెద్దావిడ కాగితం చేతికి తీసుకొని, కూతురి చేత ఇంకొకసారి చదివించుకున్నది. "గడువు ఎన్నాళ్ళు?" అని అడిగింది. ఐదేళ్ళు అని చెప్పాము. "ఐదేళ్ళకు మీరు బదిలీ అయిపోతారు, ఈయన కార్యదర్శిగా ఉంటాడో లేదో, నేను ఉంటానో లేదో. అప్పుడు ఎవరికి గుర్తుంటుంది?" అన్నది.

ఆ ప్రశ్నకు జవాబుగానే ఆ సంఘంలో ఇప్పుడు వెబ్‌సైటు రిజిస్టరు అని ఒకటి తెరిచారు. పాలు పోసే గదిలో, వెన్న శాతం రాసే బోర్డు పక్కన, ప్రతి సభ్యుడికీ రోజుకు రెండు పూటలా కనపడేటట్లు గడువు తేదీ పెయింటుతో రాయించారు. మీరు కూడా అట్లా రాయించవలసిందిగా కోరుతున్నాము.

జై సహకారం.